చివర పాడేదెవరు? పాత రాక్ బ్యాండ్ల జంట యాత్రలు, మన కాంట్రాక్టు నాటకాలు

2022 జూన్ 16న అట్లాంటాలోని ఒక బేస్‌బాల్ స్టేడియంలో మొదలై, సెప్టెంబరు 9న లాస్ వేగాస్‌లో ముగిసిన సంగీత యాత్రకు నిర్వాహకులు పెట్టిన పేరు ‘ది స్టేడియం టూర్’. అందులో ప్రధాన ఆకర్షణగా రెండు బ్యాండ్లు ఉన్నాయి. ఒకటి, ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో 1977లో మొదలైన డెఫ్ లెపర్డ్. రెండోది, లాస్ ఏంజెలిస్‌లో 1981లో మొదలైన మోట్లీ క్రూ. వీళ్లకు ముందు పాయిజన్, జోన్ జెట్ బృందాలు పాడాయి. మొత్తం 36 ప్రదర్శనలకు సుమారు 13 లక్షల టికెట్లు అమ్ముడయ్యాయి. వసూళ్లు 17 కోట్ల డాలర్లు దాటాయి.

ఈ రెండు బ్యాండ్లకూ పేరు తెచ్చిన పాటల్లో చాలావరకు 1980ల నాటివే. అరవై ఏళ్ల వయసుకు అటూ ఇటూ ఉన్న గాయకులు, నలభై ఏళ్ల కిందటి పాటలు పాడితే రాత్రికి సగటున 36 వేల మంది వచ్చారన్నమాట. ఇలా ఇద్దరు సమాన హోదాతో కలిసి చేసే యాత్రను సంగీత వ్యాపారంలో కో-హెడ్‌లైనింగ్ అంటారు. పోస్టరు మీద ఇద్దరి పేర్లూ సమానంగా ఉండాలి, పాడే సమయం సమానంగా ఉండాలి, ఎవరూ ఎవరికీ ‘ముందు పాడే బృందం’ కాకూడదు. అమెరికాలో గత ముప్పై ఏళ్లుగా ఇది వేసవి యాత్రలకు ఒక అలవాటైన పద్ధతి.

పద్యనాటకం చూసి పెరిగిన తెలుగువాళ్లకు ఈ ఏర్పాటు కొత్తగా అనిపించదు. ఒకే రాత్రి, ఒకే నాటకంలో, ఒకే కృష్ణుడి పాత్రను ఇద్దరు ముగ్గురు పేరున్న నటులు పంచుకున్న కాంట్రాక్టు నాటకాలు మన దగ్గర దశాబ్దాల పాటు నడిచాయి. రాక్ బ్యాండ్లు ఈనాడు ఎదుర్కొంటున్న లెక్కలూ, అహాలూ, ప్రమాదాలూ ఆ నాటకాలకూ ఉన్నాయి. ఆ పద్ధతి వల్ల ఎవరు లాభపడ్డారు, ఎవరు నష్టపోయారన్నది కూడా మన అనుభవంలోనే ఉంది.

ఇద్దరు ఎందుకు కలుస్తారు?

ముందు డబ్బు లెక్క చూద్దాం. ఒకప్పుడు బ్యాండ్లు యాత్రకు బయలుదేరేది కొత్త రికార్డు అమ్ముకోవడానికి. ఇప్పుడు అది తిరగబడింది. అమెరికాలో రికార్డుల ఆదాయం 1999లో సుమారు 1,460 కోట్ల డాలర్లు ఉండేది. ఇంటర్నెట్ నుంచి పాటలను ఉచితంగా దించుకోవడం మొదలయ్యాక, 2014 నాటికి అది 700 కోట్ల డాలర్ల లోపుకు పడిపోయింది. స్ట్రీమింగ్ తర్వాత కొంత కోలుకున్నా, పాతతరం బ్యాండ్లకు ప్రధాన సంపాదన వేదిక మీదే మిగిలింది.

అయితే స్టేడియం ఖర్చు మామూలుది కాదు. స్టేడియంలో వేదిక ఉండదు. ఉక్కు చట్రాలతో కట్టాలి. పెద్ద యాత్రల్లో అలాంటి చట్రాలు రెండు మూడు జతలుంటాయి. ఒక ఊళ్లో పాట నడుస్తుండగానే తర్వాతి ఊళ్లో వేదిక లేస్తుంటుంది. తెరలు, దీపాలు, సౌండు, లారీలు, వందల మంది పనివాళ్లు, స్టేడియం అద్దె, బీమా... ఇందులో చాలా భాగం పది వేల మంది వచ్చినా, నలభై వేల మంది వచ్చినా పెద్దగా మారదు. ఒక బ్యాండ్ ఒంటరిగా వెళ్తే మొత్తం ఖర్చు తానే మోయాలి, సగం ఖాళీ కుర్చీల ముందు పాడాల్సి రావచ్చు. ఇద్దరు కలిస్తే ఖర్చు ఒక్కటే, అభిమానులు రెండు వర్గాలు. ఇండోర్ ఎరీనా స్థాయి బ్యాండ్లు రెండు కలిసి స్టేడియం స్థాయికి చేరతాయి.

ప్రేక్షకుడి వైపు నుంచీ ఒక కారణం ఉంది. పాత బ్యాండ్ కచేరీకి వెళ్లేవాడికి కావాల్సింది తనకు కంఠతా వచ్చిన పది పన్నెండు పాటలు. గంటన్నరలో అవి అయిపోతాయి. ఖరీదైన టికెట్టుకు అలాంటి గంటన్నరలు రెండు దొరికితే కొనేవాడికి గిట్టుబాటు అనిపిస్తుంది.

ఈ ఆకర్షణ ఎంత బలమైనదో మోట్లీ క్రూ కథే చెబుతుంది. ఇక యాత్రలు చేయబోమని ఆ బ్యాండ్ సభ్యులు 2014 జనవరిలో చట్టబద్ధమైన ఒప్పందం మీద సంతకాలు చేశారు. 2015 డిసెంబరు 31న లాస్ ఏంజెలిస్‌లో వీడ్కోలు కచేరీ కూడా ఇచ్చారు. 2019లో వాళ్ల జీవితం మీద వచ్చిన సినిమా కొత్త తరానికి వాళ్లను పరిచయం చేసింది. అదే ఏడాది నవంబరులో ఆ ఒప్పంద పత్రం పేలిపోతున్నట్టు ఒక వీడియో విడుదల చేసి, తిరిగి వస్తున్నామని ప్రకటించారు. ఆ వెంటనే ప్రకటించిన యాత్ర ఇదే. కోవిడ్ వల్ల రెండేళ్లు వాయిదా పడింది.

కాంట్రాక్టు నాటకం ఎలా నడిచేది?

తెలుగు నాటకం 19వ శతాబ్దం చివర సమాజాల రూపంలో నిలదొక్కుకుంది. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో వనారస కుటుంబం ‘కీచక వధ’తో మొదలుపెట్టిన సురభి, బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యుల సరస వినోదిని సభ, తర్వాత జమీందారు అండతో నటులకు జీతాలిచ్చి పోషించిన మైలవరం బాలభారతి, తెనాలి రామవిలాస సభ ఇలా వచ్చినవే. సమాజం అంటే ఒక జట్టు. నాటకం ఎంచుకోవడం, పాత్రలు పంచుకోవడం, నెలల తరబడి రిహార్సళ్లు, సొంత తెరలు, సొంత దుస్తులు అన్నీ ఉమ్మడిగా ఉండేవి.

ఆ సమాజాల నుంచే పేరున్న నటులు తయారయ్యారు. ఈలపాటతో ప్రసిద్ధి పొందిన కల్యాణం రఘురామయ్య, సత్యభామగా ప్రేక్షకులను మెప్పించిన స్థానం నరసింహారావు, దుర్యోధనుడిగా మాధవపెద్ది వెంకట్రామయ్య, హరిశ్చంద్రుడిగా అద్దంకి శ్రీరామమూర్తి, కృష్ణుడిగా బందా కనకలింగేశ్వరరావు వంటి వాళ్ల పేరు ఊరూరా వినిపించింది. గ్రామఫోను రికార్డులు వచ్చాక, నాటకం ఎన్నడూ చూడని వాళ్లకు కూడా వాళ్ల గొంతులు తెలిశాయి.

సమాజాన్ని మొత్తంగా పిలిస్తే పాతిక ముప్పై మందిని భరించాలి. జనం వచ్చేది మాత్రం ఇద్దరు ముగ్గురి కోసం. ఈ తేడాలోంచి కాంట్రాక్టరు పుట్టాడు. ఆ ఇద్దరు ముగ్గురినే వేర్వేరు చోట్ల నుంచి పిలిపించి, ఎవరి పారితోషికం వాళ్లకు మాట్లాడుకుని, మిగతా చిన్న పాత్రలకు స్థానికులను సర్దుకుంటే సరిపోతుంది. హాలు అద్దెకు తీసుకుంటాడు, లేదా పందిరి వేయిస్తాడు. కుర్చీ, బెంచీ, నేల అని టికెట్లు పెడతాడు. గోడపత్రికల మీద నాటకం పేరు కన్నా నటుల పేర్లు పెద్దవిగా ఉంటాయి. నటుడు తన మేకప్ పెట్టె, కిరీటం, పట్టుబట్టలు తానే తెచ్చుకుంటాడు. హార్మోనిస్టు ఉంటే చాలు, రిహార్సలు అక్కర్లేదు.

రిహార్సలు అక్కర్లేకపోవడానికి కారణం, అందరూ ఆడేది ఒకే నాలుగైదు నాటకాలు. తిరుపతి వెంకట కవుల పాండవోద్యోగ విజయాలు, బలిజేపల్లి లక్ష్మీకాంతం హరిశ్చంద్ర నాటకం, చిలకమర్తి లక్ష్మీనరసింహం గయోపాఖ్యానం, కాళ్లకూరి నారాయణరావు చింతామణి. వీటిలో పద్యాలు నటులకే కాదు, నేల టికెట్టు ప్రేక్షకులకు కూడా కంఠతా వచ్చు. విజయవాడ నుంచి ఒకరు, విజయనగరం నుంచి ఒకరు ఆ సాయంత్రం రైలు దిగి, రాత్రి పదింటికి వేదికెక్కి, తెల్లవారేదాకా ఆడగలిగేవారు.

పాత రాక్ బ్యాండ్ల జంట యాత్రకూ దీనికీ మూలసూత్రం ఒక్కటే. పాట అందరికీ తెలిసిందై ఉండాలి. కొత్తది వినిపించాల్సిన పని లేనప్పుడే వేర్వేరు చోట్ల ఎదిగిన ఇద్దరిని ఒక వేదిక మీద సులువుగా నిలబెట్టవచ్చు.

చివర ఎవరు?

ఇద్దరూ సమానమని పోస్టరు మీద వేయడం తేలికే. కానీ వేదిక మీద ఒకరి తర్వాత ఒకరే రావాలి. రాక్ కచేరీల్లో చివర పాడేవాడే పెద్ద. పొద్దుండగా పాడేవాడికి దీపాల వెలుగు కూడా సరిగ్గా దక్కదు. నాటకంలో అయితే ఏ సీను ఎవరిదన్నదే హోదా.

ఈ చిక్కుకు మూడు రకాల పరిష్కారాలు కనిపిస్తాయి.

మొదటిది, వంతులవారీ. డెఫ్ లెపర్డ్, మోట్లీ క్రూ చేసింది ఇదే. ఒక ఊళ్లో ఒకరు చివర పాడితే, ఇంకో ఊళ్లో రెండోవారు. 2024లో డెఫ్ లెపర్డ్, జర్నీ బ్యాండ్లు కలిసి చేసిన స్టేడియం యాత్రలోనూ ఇలాగే జరిగింది. ఊళ్లు ఎక్కువగా ఉన్న యాత్రకే ఇది పనికొస్తుంది.

రెండోది, వరస మారకపోయినా సమయం సమానంగా ఉంచడం. 1992లో మెటాలికా, గన్స్ ఎన్ రోజెస్ కలిసి అమెరికా, కెనడా స్టేడియాల్లో తిరిగినప్పుడు మెటాలికా ఎప్పుడూ ముందే పాడింది. గన్స్ ఎన్ రోజెస్ వేదిక మీదికి ఆలస్యంగా వస్తుందని అప్పటికే పేరు పడింది. వాళ్ల తర్వాత పాడాలంటే ఎంతసేపు ఎదురుచూడాలో తెలియదు. కాబట్టి ముందు పాడటంలో మెటాలికాకు చిన్నతనం కన్నా సౌకర్యమే ఎక్కువ.

మూడోది, పాత్రనే పంచడం. ఇది తెలుగువాళ్ల పద్ధతి. కాంట్రాక్టు నాటకం ఒక ఊళ్లో ఒక్క రాత్రి. రేపు నీ వంతు అని చెప్పడానికి రేపు లేదు. అందుకే కృష్ణుణ్ని ముక్కలు చేశారు. పడక సీనుకు ఒక కృష్ణుడు, రాయబారానికి ఇంకొకరు, యుద్ధఘట్టానికి మరొకరు. ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు, మూడో కృష్ణుడు అని కరపత్రంలోనే వేసేవారు. హరిశ్చంద్రలోనూ అంతే, కాటి సీనుకు వేరే హరిశ్చంద్రుడు. కథ ప్రకారం చూస్తే ఇది వింత. పక్కకు వెళ్లిన కృష్ణుడు తిరిగి వచ్చేసరికి ముఖం, గొంతు, ఒడ్డూ పొడుగూ మారిపోతాయి. ప్రేక్షకులకు అది ఇబ్బందిగా తోచలేదు. ఒకే పాత్రను ఇద్దరు ఎలా నిలబెడతారో పోల్చి చూడటమే వాళ్లకు అసలు ఆట. ఎవరి రాగాలాపన బాగుంటే వాళ్లకు వన్స్‌మోర్‌లు పడేవి.

పడక సీను కథ కూడా ఇలాంటి వరస తగాదాయే కావడం తమాషా. సాయం అడగడానికి దుర్యోధనుడు ముందొచ్చి తల దగ్గర కూర్చుంటాడు. అర్జునుడు తర్వాతొచ్చి కాళ్ల దగ్గర నిలబడతాడు. కళ్లు తెరిచిన కృష్ణుడికి ముందు కనిపించేది అర్జునుడు. ముందు వచ్చినవాడిదా, ముందు కనిపించినవాడిదా పెద్దరికం? కృష్ణుడు ఇద్దరికీ ఏదో ఒకటి దక్కేలా పంచుతాడు. కాంట్రాక్టరు చేసిన పని కూడా అదే.

ఒకరు తడబడితే

జంట ప్రదర్శనలో లాభం పంచుకున్నట్టే ప్రమాదాన్నీ పంచుకోవాలి. 1992 ఆగస్టు 8న మాంట్రియల్ ఒలింపిక్ స్టేడియంలో మెటాలికా పాడుతుండగా వేదిక మీది బాణసంచా మంట గాయకుడు జేమ్స్ హెట్‌ఫీల్డ్‌కు అంటుకుని చేయి తీవ్రంగా కాలింది. వాళ్ల ప్రదర్శన మధ్యలోనే ఆగిపోయింది. ఆ లోటు గన్స్ ఎన్ రోజెస్ పూడుస్తుందని జనం ఎదురుచూశారు. ఆ బ్యాండ్ చాలా ఆలస్యంగా వచ్చి, అనుకున్న సమయం కన్నా ముందే వేదిక దిగిపోయింది. స్టేడియం లోపలా బయటా జనం విధ్వంసానికి దిగారు. ఇద్దరి మీద నమ్మకంతో టికెట్టు కొన్నవాళ్లకు ఆ రాత్రి ఇద్దరూ పూర్తిగా దక్కలేదు.

ఈ విషయంలో కాంట్రాక్టు నాటకానికి ఒక వెసులుబాటు ఉంది. ఒక కృష్ణుడి రైలు తప్పిపోతే, రాయబారం పద్యాలు రెండో కృష్ణుడికీ వచ్చు. నటుడి లోటును నటుడే పూడ్చగలడు. మెటాలికా పాటలు గన్స్ ఎన్ రోజెస్ పాడలేదు. రాక్‌లో పాట బ్యాండ్ సొంతం. పద్యనాటకంలో పద్యం అందరి ఉమ్మడి ఆస్తి, రాగం మాత్రమే నటుడి సొంతం.

రైలెక్కేది ఎవరు?

ఈ రెండు పద్ధతుల మధ్య ఉన్న పెద్ద తేడా పటం మీద కనిపిస్తుంది. దాన్ని ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ నుంచి చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి ఉత్తరాంధ్ర జిల్లాల వాళ్లు ఉద్యోగాల కోసం ఖరగ్‌పూర్, బిలాస్‌పూర్ వంటి రైల్వే పట్టణాలకు వెళ్లి స్థిరపడ్డారు. ఇప్పుడు బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కేంద్రం, రాష్ట్ర హైకోర్టు ఉన్న నగరం. అర్పా నదికి అవతలి ఒడ్డున ఉన్న సర్కండాలో ఉండేవాళ్లు ఒక పెద్ద స్టేడియం కచేరీ చూడాలంటే ఏం చేయాలి? ముంబయి రైలెక్కాలి. అదే హౌరా–ముంబయి ప్రధాన మార్గం మీద వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రయాణం. 2025 జనవరిలో కోల్డ్‌ప్లే భారత్ వచ్చినప్పుడు ఆడిన ఊళ్లు రెండే, నవీ ముంబయి, అహ్మదాబాద్. అహ్మదాబాద్ కచేరీల కోసం పశ్చిమ రైల్వే ముంబయి నుంచి ప్రత్యేక రైళ్లు నడిపింది.

రాయ్‌పూర్‌లో అంతర్జాతీయ క్రికెట్ స్టేడియం ఉంది. కానీ స్టేడియం ఉంటే సరిపోదు. అంత ఖరీదైన వేదికను మోసుకొచ్చినందుకు గిట్టుబాటయ్యే టికెట్టు ధర పెట్టి కొనగలిగే జనం, విమానాశ్రయాలు, హోటళ్లు ఒకేచోట ఉండాలి. ఖర్చు పెరిగేకొద్దీ ఆగే ఊళ్లు తగ్గిపోతాయి. అప్పుడు కళాకారుడి దగ్గరికి ప్రేక్షకుడే రైలెక్కుతాడు.

కాంట్రాక్టు నాటకంలో రైలెక్కింది నటుడు. నలుగురు నటులు, ఒక హార్మోనియం, నాలుగు పెట్టెలు. రైలు ఆగే ఏ ఊరైనా, ఒక పందిరి వేయగలిగిన ఏ తిరునాళ్లయినా సరిపోయేది. అందుకే ఆ నటుల పేర్లు పట్టణాల్లో ఎంత తెలుసో పల్లెల్లోనూ అంతే తెలుసు. సినిమా వచ్చి నగరాల హాళ్లను ఆక్రమించాక కూడా పద్యనాటకం ఊళ్లలో దశాబ్దాల పాటు బతకడానికి ఇదొక కారణం. ఉత్తరాంధ్రలో కృష్ణుడంటే పీసపాటి నరసింహమూర్తి అనేంత పేరు ఇలా ఊరూరా తిరిగి వచ్చిందే.

పేర్లు నిలిచాయి, సమాజాలు పోయాయి

అయితే దీనికి నాటకరంగం చెల్లించిన మూల్యం చిన్నది కాదు. పేరున్న నటుడికి ఒక రాత్రి కాంట్రాక్టులో వచ్చే డబ్బు సమాజంలో నెల జీతం కన్నా ఆకర్షణీయం. నటులు సమాజాలు వదిలేశారు. నటులు లేని సమాజాలు మూతపడ్డాయి. కొత్త నటుణ్ని చిన్న పాత్రతో చేర్చుకుని, పదేళ్లలో కృష్ణుడిగా తయారుచేసే చోటు అది. ఆ చోటే లేకుండా పోయింది. కాంట్రాక్టరు తయారైన నటుణ్ని పిలిచేవాడే గానీ, నటుణ్ని తయారుచేసేవాడు కాదు.

నాటకమూ మారిపోయింది. పద్యాలు లేని సీన్లు కత్తిరించారు. ఒక్కో పద్యానికి పది నిమిషాల రాగాలాపన అలవాటైంది. ఎదుటి పాత్ర అంతసేపూ బొమ్మలా నిలబడాలి. కొత్త నాటకం రాసినా ఆడేవాళ్లు లేరు, ఎందుకంటే కొత్త నాటకానికి రిహార్సలు కావాలి. బళ్లారి రాఘవ వంటి వాళ్లు సంగీతం తగ్గించి పాత్రకు ప్రాణం పోయాలని గట్టిగా వాదించారు. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు ఏర్పడింది. పరిషత్తు పోటీలు కొత్త నాటకాలకు, జట్టుగా ఆడే బృందాలకు చోటిచ్చాయి. సురభి మాత్రం కుటుంబమే సమాజం కావడం వల్ల ఈ ఒరవడిలో చాలావరకు కొట్టుకుపోకుండా నిలిచింది.

స్టేడియం యాత్రల కింద ఇప్పుడు జరుగుతున్నది కూడా ఇదే తరహా. శ్రోత ఏడాదికి సంగీతం మీద పెట్టగలిగే డబ్బు ఒక పెద్ద టికెట్టుకే అయిపోతే, వీధి చివరి క్లబ్బులో కొత్త బ్యాండ్‌ను వినడానికి మిగలదు. డెఫ్ లెపర్డ్, మెటాలికా రెండూ అలాంటి చిన్న వేదికల నుంచే పైకొచ్చాయి. బ్రిటన్‌లో చిన్న వేదికల తరఫున పనిచేసే మ్యూజిక్ వెన్యూ ట్రస్ట్ లెక్క ప్రకారం 2023 ఒక్క ఏడాదిలోనే అక్కడ 125 చిన్న వేదికలు సంగీత కార్యక్రమాలకు దూరమయ్యాయి.

అక్కడ ఒక పరిష్కారం చర్చకు వచ్చింది. స్టేడియం, ఎరీనా టికెట్ల నుంచి కొంత సొమ్ము పక్కకు తీసి చిన్న వేదికలకు ఇవ్వాలని 2024 మే నెలలో బ్రిటన్ పార్లమెంటు సాంస్కృతిక కమిటీ సూచించింది. స్వచ్ఛందంగా అమలు చేయాలని ప్రభుత్వమూ సంగీత పరిశ్రమను కోరింది. 2025 బ్రిటన్ కచేరీల్లో తమ రాబడిలో 10 శాతం ఆ ట్రస్టుకు ఇస్తామని కోల్డ్‌ప్లే ముందుకొచ్చింది. చివర పాడేవాడి టికెట్టులో, ఇంకా పైకి రాని గాయకుడికీ ఒక వాటా ఉండాలన్నది ఈ ఆలోచన.

కాంట్రాక్టు నాటకాల కాలంలో మన దగ్గర అలాంటి ఏర్పాటు ఏదీ స్థిరపడలేదు. కాంట్రాక్టరు లాభంలోంచి గానీ, నటుడి పారితోషికంలోంచి గానీ సమాజాలకు తిరిగి చేరింది తక్కువ. పరిషత్తులు, తర్వాత ప్రభుత్వ నంది నాటకోత్సవాల్లో పద్యనాటకానికి పెట్టిన విభాగం ఆ లోటును కొంత పూడ్చాయి. కానీ అవి ఏడాదికోసారి జరిగే పోటీలు. వారం వారం రిహార్సలు జరిగే హాలు ఇచ్చే శిక్షణ వాటి నుంచి రాదు.

2022 యాత్ర ముగిసిన నెలన్నరకు, మోట్లీ క్రూ గిటారిస్టు మిక్ మార్స్ వెన్నెముక వ్యాధి కారణంగా యాత్రల నుంచి తప్పుకున్నారు. ఆయన స్థానంలో మరొకరిని తీసుకుని బ్యాండ్ 2023లో డెఫ్ లెపర్డ్‌తోనే ప్రపంచ యాత్రకు వెళ్లింది. ఇంకో పదేళ్లలో ఈ తరం బ్యాండ్లు వేదిక దిగుతాయి. అప్పుడు స్టేడియం నింపగలిగేది ఎవరన్నది ఈ పదేళ్లలో చిన్న వేదికలు ఎన్ని తెరిచి ఉంటాయన్న దాని మీద ఆధారపడి ఉంది. రైల్వే కాలనీ ఇన్‌స్టిట్యూట్ హాల్లో గానీ, ఊరి గుడి ముందు పందిట్లో గానీ ఇవాళ రాయబారం ఆడించాలనుకునే తెలుగు సంఘాలు వెతుక్కోవాల్సింది కూడా ఒక్క కృష్ణుణ్నే కాదు, అతన్ని తయారుచేసే సమాజాన్ని.